హీటరు ఉంటేనే పంపుతాం

తెనాలిలో కారు హీటరు వేసుకున్నవాడు లేడు. ఆ మీట ఎర్రగీత వైపు తిరుగుతుందన్న సంగతే చాలామందికి తెలియదు. ఏడాదిలో ముప్పాతిక భాగం చెమట తుడుచుకునే ఊరు అది. మిగతా కాలంలో తెల్లారుజామున కాస్త మంచు కురిసిందా, ఇక చూడాలి. మంకీ టోపీలు, మఫ్లర్లు, చెవుల్లో దూది. పాలవాడి నుంచి ప్లీడరు దాకా అందరూ హిమాలయాలకు బయల్దేరినట్టు తయారవుతారు. ఎండ రాగానే అన్నీ విప్పి సంచిలో కుక్కుకుంటారు.

బసవేశ్వరరావు ఈ టోపీలవాళ్ళను చూసి నవ్వడు. అసలు ఆయన దేనికీ నవ్వడు. మూతి ఒక పక్కకు తిప్పుతాడు, అంతే. ఎదుటివాడికి టోపీ దురద పెట్టడానికి అది చాలు.

అలాంటి మనిషి మార్గశిరంలో ఒక పొద్దున కారు తెచ్చి పౌలు షెడ్డు ముందు ఆపి, హీటరు చల్లగాలి కొడుతోంది, చూడమన్నాడు.

పౌలు ఆ కారుకు మొదటినుంచీ మెకానిక్కు. ఏసీ సంగతేమోననుకుని మళ్ళీ అడిగాడు. హీటరేనని బసవేశ్వరరావు మళ్ళీ చెప్పాడు. ఒంట్లో బాగానే ఉందా బాబాయ్‌గారూ అని పౌలు పరామర్శించాడు. బసవేశ్వరరావు మూతి తిప్పాడు. పౌలు బానెట్ ఎత్తాడు.

ఈ హీటరు గొడవ రేపల్లెలో పుట్టింది.

కోడలు కీర్తన పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల నడుస్తోంది. ఇక తల్లినీ పిల్లనీ తెచ్చుకోవాలి. మూడో నెల దాటితే నాలుగోది సరి నెల, ఆ నెలలో బాలింతను గడప దాటించరు. పైగా అది పుష్యం. కాబట్టి ఇప్పుడు కాకపోతే మళ్ళీ మాఘమే. సిద్ధాంతి పంచాంగం తిరగేసి అమావాస్యలోపల ఒకే ఒక ముహూర్తం ఉందన్నాడు. అది కూడా తెల్లారుజామున, మంచు దట్టంగా కురిసే వేళకు.

బసవేశ్వరరావుకు కావలసింది ఒక్కటే. ఆ పిల్ల తన ఇంట్లో ఏడవాలి. భార్య సరోజ పోయాక ఆ ఇంట్లో కుక్కరు ఈల తప్ప మరో చప్పుడు లేదు. కొడుకు ప్రణీత్‌కు బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున రైల్లో పోతాడు, చీకటి పడ్డాక రైల్లో వస్తాడు, తింటూ ఫోను చూస్తాడు. మనవరాలిని బసవేశ్వరరావు ఎత్తుకున్నది బారసాల నాడు ఒక్కసారి. ఎత్తుకున్నంతలోనే వియ్యపురాలు వసుంధర "మెడ జాగ్రత్త అన్నయ్యగారూ" అంటూ అందుకుని వెళ్ళిపోయింది. పిల్లకు పింకీ అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే. ఆ పేరు ఆయన నోట ఇంతవరకూ రాలేదు. ఆయన సరోజ అని పెడతారనుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెప్పకుండా అనుకోవడం, అది జరగలేదని మనసులో కక్ష పెట్టుకోవడం ఆయనకు అలవాటే.

ముహూర్తం సంగతి మాట్లాడటానికి ఆయన రేపల్లె వెళ్ళినప్పుడు వసుంధర కాఫీ ఇచ్చి, మంచు సంగతి ఎత్తింది. పసిగుడ్డు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడవు. అద్దాలు మూస్తే లోపల ఆవిరి, తెరిస్తే బయట మంచు. అద్దెకారు ఆవిడకు పనికిరాదు, అందులో ఎవరెవరు దగ్గి ఉంటారో. తమ ఇంట్లో కారుంది గానీ, తీసుకుపోయేవాళ్ళే బండి తేవడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. అంతా అయ్యాక అసలు మాట అడిగింది.

"మీ కారులో హీటరుందా అన్నయ్యగారూ?"

"ఉంది."

"పనిచేస్తుందా?"

కారు కొన్నప్పటినుంచీ ఆయన ఆ మీట తిప్పలేదు. అయినా తన వస్తువు పనిచెయ్యదని ఒకరిచేత అనిపించుకోవడం ఆయన వల్ల కాదు. ఎందుకు చెయ్యదన్నాడు. ఆవిడ శాలువా కప్పుకుని బయటకు వచ్చి, ముందు సీట్లో కూర్చుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చూసింది. డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు కూడా మూసుకుంది.

"ఇది హీటరంటారా? మా ఇంట్లో ఫ్యాను కూడా ఇంత చల్లగా తిరగదండి," అంది.

వెనకనున్న వియ్యంకుడు నవ్వాపుకోవడానికి దగ్గాడు. హీటరు బాగుచేయించుకు రండి, పంపుతాం, లేకపోతే మాఘంలో చూద్దాం అని వసుంధర తేల్చేసింది. కీర్తన తలుపు దగ్గర పిల్లను భుజాన వేసుకుని నిలబడి, దాని వీపు నిమురుతూ ఉండిపోయింది.

అదీ సంగతి. పుట్టిన దగ్గర్నుంచీ చలంటే ఏమిటో ఎరగని ఆడవాళ్ళకు ఇప్పుడు హీటరు కావాల్సొచ్చింది అని బసవేశ్వరరావు దారి పొడుగునా మనసులో తిట్టుకుంటూ తెనాలి చేరాడు. మర్నాడు పొద్దున్నే పౌలు షెడ్డు దగ్గరున్నాడు.

పౌలు చాలాసేపు వెతికి, మీటకు కట్టిన తీగ లోపల ఊడిపోయిందని కనిపెట్టాడు. మీట తిరుగుతోంది గానీ లోపలి తలుపు కదలడం లేదు. తీగ తగిలించి ఇంజను నడిపాడు. మరో కారు పని సగం చేసుకొచ్చేసరికి గాలి కాస్త వెచ్చబడింది. ఇక ఊటీ పోయినా ఢోకా లేదన్నాడు పౌలు. ఊరు దాటి చినరావూరు దగ్గరకు వచ్చేసరికి గాలి మళ్ళీ చల్లబడింది. బసవేశ్వరరావు కారు వెనక్కి తిప్పాడు. షెడ్డులో నిలబెట్టి చూస్తే గోరువెచ్చన. రోడ్డెక్కితే చల్లన.

దాంతో పౌలుకు తన పని గుర్తొచ్చింది. తనది ఇంజను, గాలి సంగతి ఏసీ వాళ్ళదన్నాడు. తెనాలిలో ఏసీ కొట్లకు పోతే, బసవేశ్వరరావు హీటరు కోసం తిరుగుతున్నాడని సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. మంకీ టోపీలవాళ్ళకు అంతకంటే పండగేముంటుంది. బాపట్లలో తన బ్యాంకు దగ్గర సాయికుమార్ అనే మంచి ఏసీ మెకానిక్కు ఉన్నాడని ప్రణీత్ చెప్పాడు. చెబుతూ ఎందుకో తల దించుకునే ఉన్నాడు. తండ్రితో మాట్లాడేటప్పుడు వాడు తల దించుకునే ఉంటాడు కాబట్టి బసవేశ్వరరావు పట్టించుకోలేదు.

సాయికుమార్ సూర్యలంక వైపు బెస్తపల్లె నుంచి వచ్చిన కుర్రాడు. వేటకు పోకుండా ఏసీలు నేర్చుకున్నాడు. పని కంటే నోరు ముందు నడుస్తుంది. కారు చూడకముందే గ్యాసు తగ్గిందన్నాడు. హీటరుకు గ్యాసెందుకని బసవేశ్వరరావు అడిగాడు. గాలికి సంబంధించి ఏదొచ్చినా గ్యాసే పెదనాన్నగారూ అని కుర్రాడు ధీమాగా చెప్పి, నింపేశాడు. ఆ తరువాత వచ్చిన గాలికి బసవేశ్వరరావు ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఇప్పుడు మీ ఏసీ మాత్రం అదిరిపోయిందండి," అన్నాడు సాయికుమార్.

బసవేశ్వరరావు వాడి మొహంలోకి చూశాడు. ఉద్యోగంలో ఉండగా ఆయన అలా చూస్తే పాత గుమాస్తాలు కూడా లెక్క మళ్ళీ చూసుకునేవారు. సాయికుమార్ గబగబా హీటరుకు పోయే గొట్టాలు రెండూ ఊడదీసి నీళ్ళ పైపు పెట్టాడు. ముందు ఏమీ రాలేదు. ఆపైన ఎర్రటి ఒండ్రు ముద్దలు ముద్దలుగా పడింది. రేడియేటరులో ఏం పోస్తారని సాయికుమార్ అడిగాడు. బసవేశ్వరరావు మూతి తిప్పాడు. కారు ఎక్కడ వేడెక్కితే అక్కడ కాలవలోకి దిగి బాటిల్ ముంచి పోయడం ఆయన పద్ధతి. కొట్లో కూలెంటని అమ్మే పచ్చనీళ్ళు దండగని ఆయన ఉద్దేశం. ఈ లెక్కన హీటరు లోపల ఇంకో పంట వేసుకోవచ్చు.

ఒండ్రు పోయాక గాలి నిజంగానే వేడెక్కింది. సాయికుమార్ మొహం వెలిగిపోయింది. చెయ్యి తుడుచుకుంటూ మాటల్లో పడ్డాడు.

"మీ ప్రణీత్‌గారికి చెప్పండి పెదనాన్నగారూ, హాల్లో ఏసీ కూడా బిగించేశానని. మా వీధిలోనే కదా ఇల్లు తీసుకుంది. నిన్న మీ వియ్యపురాలుగారు వచ్చి స్టవ్వు, బిందెలు దింపించుకున్నారు. పిల్లని ఇటే తీసుకొస్తారంట కదా."

బసవేశ్వరరావు కారు తలుపు వేశాడు. ఎన్నో ఇల్లు అని అడిగాడు. సాయికుమార్ చెప్పాడు. ఆయన నడుచుకుంటూ వెళ్ళి చూశాడు.

కొత్త రంగు వేసిన ఇల్లు. తలుపు తెరిచి ఉంది. రంగులవాడు గుమ్మం దగ్గర కూర్చుని బ్రష్షు కడుక్కుంటున్నాడు. హాలు మధ్య పైకప్పుకు ఉయ్యాల కొక్కెం కొట్టి ఉంది. కింద కొత్త స్టవ్వు మీద కొట్టువాడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆయన లోపలికి వెళ్ళలేదు. ఎవరు కావాలండీ అని రంగులవాడు అడిగితే ఎవరూ వద్దన్నాడు.

తిరుగుదారిలో ఆయనకంతా అర్థమైంది. హీటరు అడిగింది మంచుకు భయపడి కాదు, ఇల్లు తయారయ్యేదాకా ఆగడానికి. తను తెనాలికీ బాపట్లకీ తిరుగుతుంటే వాళ్ళు రంగులు వేయించుకుంటున్నారు. కొడుకు రోజూ రాత్రి ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటూ ఒక్క ముక్క చెప్పలేదు. సాయికుమార్ దగ్గరకు పంపింది, వాడి నోట తెలుస్తుందనేనేమో. తను చెప్పే ధైర్యం లేదు. ఆ ధైర్యం వాడికి లేకుండా చేసింది ఎవరని బసవేశ్వరరావు తనను తాను అడగలేదు. అలాంటి ప్రశ్నలు ఆయన పక్కవాళ్ళకోసమే దాచుకుంటాడు.

పొన్నూరు దాటేసరికి హీటరు మళ్ళీ చల్లబడింది.

ఆయన చిరాకు పడలేదు, నవ్వొచ్చినంత పనైంది. బాపట్లలో వేడిగా ఉన్న గాలి రోడ్డెక్కాక క్రమంగా వెచ్చనై, ఆపైన చల్లనైపోయింది. ముందు రైలు గేటు పడింది. ఆగాడు. గూడ్సు బండి నింపాదిగా పోతోంది. ఇంజను ఆపలేదు. చూస్తుండగా ముందర ఇంజను వేడి చూపించే ముల్లు కొంచెం పైకి లేచింది, గాలి వెచ్చబడింది. గేటు ఎత్తారు. నాలుగు పొలాలు దాటేసరికి ముల్లు కిందకి దిగిపోయింది. గాలి చల్లన.

ఆగితే వేడి, కదిలితే చల్లన. అదేమిటో ఆయనకు తట్టింది. దుగ్గిరాల లాకుల దగ్గర పుట్టిపెరిగిన మనిషి. లాకు తలుపులు దించితే ఎగువన నీళ్ళు నిండుతాయి, ఎత్తేస్తే నిలబడవు, ఎంత వచ్చినా పారిపోతాయి. ఇంజను దగ్గర కూడా అలాంటి తలుపొకటి ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. నీళ్ళు మరిగేదాకా మూసుకుని, మరిగాక తెరుచుకుని రేడియేటరులోకి వదులుతుంది. ఆ తలుపు ఈ కారుకు లేదు. అందుకే నీళ్ళు వేడెక్కకుండానే చల్లారిపోతున్నాయి. కారు నిలబడినప్పుడు ఎదురుగాలి తగలదు కాబట్టి కాస్త వేడెక్కుతున్నాయి.

అది లేదని ఆయనకు ఎందుకు తెలుసంటే, తీసి పారెయ్యమన్నది ఆయనే. రెండు వేసవుల కిందట వేమూరు దగ్గర ఇంజను పొగలు కక్కింది. తలుపు బిగుసుకుపోయింది, కొత్తది వేద్దామని పౌలు అన్నాడు. మన ఎండలకు ఇదెందుకు, తీసెయ్ అన్నాడు బసవేశ్వరరావు. వద్దు బాబాయ్‌గారూ అని పౌలు ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. ఆ డెల్టాలో సగం కార్లకు ఆ తలుపు లేదు. ఎండకు భయపడి అందరూ పీకించేశారు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని తరువాత బంకువాడిని తిడతారు. ఆయనా తిట్టాడు.

రోగం తెలిసింది. మందూ తెలుసు. బసవేశ్వరరావు కారు ఇంట్లో పెట్టి, గేటు వేసి, ఊరుకున్నాడు.

ఎందుకు బాగుచెయ్యాలి? హీటరు చల్లగా ఉంటే ముహూర్తం తప్పుతుంది. పుష్యం వస్తుంది. బాపట్ల ఇంట్లో కొత్త ఉయ్యాల ఖాళీగా వేలాడుతుంది, వియ్యపురాలు ఖాళీ ఇంటికి అద్దె కట్టుకుంటుంది. వాళ్ళ హీటరు వాళ్ళకే తిప్పికొట్టినట్టు అవుతుంది. ఈ ఆలోచనతో ఆయన రెండు పూటలు అన్నం ఇష్టంగా తిన్నాడు. హీటరు ఏమైంది నాన్నా అని కొడుకు అడిగితే, అది కాదట, కుదరదట అన్నాడు. కొడుకు గుటక మింగాడు. ఆ గుటక చూడటానికి ఆయనకు బాగుంది.

మూడో పూట వసుంధర ఫోను చేసింది. గొంతులో ఎక్కడా బాధ లేదు.

"అవ్వకపోతే పోనీండి అన్నయ్యగారూ, మీరేం శ్రమపడకండి. మాఘం దాకా పింకీ ఇక్కడే ఉంటుంది. మాకేం బరువా ఏంటి. మీకు చూడాలనిపిస్తే రండి, భోజనం చేసి వెళుదురుగాని."

ఆయన ఫోను పెట్టేశాడు. చూడాలనిపిస్తే రండి. వియ్యంకుడి ఇంటికి ఎవడు ఊరికే పోతాడు? పోతే పళ్ళు పట్టుకెళ్ళాలి. వాళ్ళు కుర్చీ వెయ్యాలి, కోడిని కొయ్యాలి, బయల్దేరేటప్పుడు పంచెలచాపు చేతిలో పెట్టాలి. రెండోసారి పోతే ఏంటి మళ్ళీ వచ్చాడంటారు. మూడోసారి పోతే ఊరు నవ్వుతుంది. పిల్ల లోపలి గదిలో నిద్రపోతోందంటారు, ఆయన వరండాలో వియ్యంకుడి రొయ్యల మేత వ్యాపారం గురించి వినాలి. రేపల్లె వియ్యంకుడిది. బాపట్ల మాత్రం ఎంత కాదన్నా కొడుకుది. కొడుకింటి గుమ్మంలో ఎందుకొచ్చావని అడిగేవాడు లేడు.

మర్నాడు పొద్దున్నే కారు తీశాడు.

పాత సామాన్ల కొట్టులో ఆ కారుకు సరిపోయే థర్మోస్టాట్ దొరకలేదు, కొత్తదే కొన్నాడు. కొట్లో అమ్మే పచ్చనీళ్ళు కూడా కొన్నాడు. పౌలు ఆ రెండూ చూసి నోరు తెరిచాడు.

"ఇది తీసెయ్యమని మీరే అన్నారు కదండి. నేను వద్దనే చెప్పా."

"గట్టిగా చెప్పాల్సింది."

పౌలు స్పానరు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, తరువాత ఇంజను వైపు చూసి పనిలో పడ్డాడు. బిగించాక ఇద్దరూ కలిసి వేమూరు దాకా పోయి వచ్చారు. ముల్లు సగానికి లేచి అక్కడే నిలబడింది. దారిలో ఎక్కడా చల్లబడలేదు. మధ్యాహ్నపుటెండలో అద్దాలన్నీ మూసుకుని హీటరు పూర్తిగా పెట్టుకుని పోతున్న ఇద్దరు మనుషుల్ని చూసి బస్టాపులో జనం ఏమనుకున్నారో గానీ, పౌలు చొక్కా పిండితే గ్లాసు నిండేది. ఇక చాలు ఆపండి బాబాయ్‌గారూ అని బతిమాలాడు. ఇంటిదాకా ఆపలేదు.

ముహూర్తం నాటికి మంచు సిద్ధాంతి మాట తప్పకుండా దిగింది. రేపల్లెలో ఇంటి ముందు కారు ఆగగానే వసుంధర శాలువాతో వచ్చి అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది. కాలింది. కాలిన చేతిని శాలువాలో దాచుకుని, పర్లేదు, వస్తోంది అంది. పక్కింటివాళ్ళ ఆవకాయ బాగుందని ఒప్పుకున్నట్టు అంది. హారతి ఇచ్చారు, దిష్టి తీశారు. పిల్లకు ఉన్ని టోపీ, దాని మీద ఇంకో టోపీ, చెవుల్లో దూది, మూడు చుట్లు దుప్పటి. ముక్కు ఒక్కటే కనపడుతోంది. ముందు సీట్లో ప్రణీత్, వెనక కీర్తన పిల్లతో, పక్కన వసుంధర. వియ్యంకుడు వెనకాల తన కారులో సామాను తెస్తానన్నాడు. ఎక్కడికి తెస్తాడో మాత్రం అనలేదు.

ఊరు చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు భట్టిప్రోలు మీదుగా తెనాలి. ఎడమవైపు చెరుకుపల్లి మీదుగా బాపట్ల. బాపట్ల మాట ఎవరు చెప్పాలన్నది వాళ్ళలో వాళ్ళు చాలాకాలంగా తేల్చుకోలేదని బసవేశ్వరరావుకు తెలుసు. అద్దంలో చూశాడు. వసుంధర అల్లుడి మెడ వైపు చూస్తోంది. కీర్తన కూడా అటే చూస్తోంది. ప్రణీత్ తన మోకాళ్ళు చూసుకుంటున్నాడు. చీలిక దగ్గర ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. హీటరు మాత్రం ఆపలేదు.

"ఎటు?" అన్నాడు.

లోపల వేడి పెరుగుతోంది. వసుంధర శాలువా తీసింది. ప్రణీత్ స్వెటరు గుండీలు విప్పాడు, నుదురు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. మంచులో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. బసవేశ్వరరావు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, గుళ్ళో ప్రసాదం కోసం కూర్చున్నవాడిలా ఓపిగ్గా కూర్చున్నాడు. పెళ్ళయ్యాక అంత ఓపిక ఆయన ఎప్పుడూ చూపించలేదు.

"నాన్నా, అదీ..." అని ప్రణీత్ ఆగిపోయాడు.

"ఏదీ?"

వాడు మళ్ళీ మోకాళ్ళలోకి వెళ్ళిపోయాడు. చివరికి కీర్తనే మాట్లాడింది.

"బాపట్లకి మావయ్యగారూ. మేం అక్కడ ఇల్లు తీసుకున్నాం. మీకు చెప్పడానికి ఆయనకి భయం, నాకూ భయమే. మీ ఇంట్లో ఏం చేసినా తప్పుగానే ఉంటుంది. ఉప్పు తగ్గితే కంచం నెట్టేస్తారు, ఏమీ అనరు. అంటే సర్దుకుంటాం. అనకుండా వారాలు మొహం తిప్పుకుంటే ఏం చెయ్యాలో తెలీదు. పింకీకి అది నేర్పాలని లేదు."

వసుంధర కూతురి చెయ్యి పట్టుకుంది. ఇక ఆయన దిగి నడిచిపోతాడనో, కారు వెనక్కి తిప్పుతాడనో ముగ్గురూ ఎదురుచూశారు. ఆయనకూ అదే బుద్ధి పుట్టింది. ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది అంటే ఇక పదేళ్ళు ఆ పట్టు తను వదలలేడని ఆయనకే తెలుసు. దాన్ని మింగాడు. చేదుగా ఉంది.

"పిల్లకి ఉక్క పోస్తోంది. పై టోపీ తియ్యి," అన్నాడు.

కీర్తన తీసింది. ఆయన ఎడమవైపు తిప్పాడు.

బాపట్ల దాకా వేడికి అందరికీ నిద్ర ముంచుకొచ్చింది, ఆయనకూ పిల్లకూ తప్ప. పిల్ల కళ్ళు తెరుచుకుని, ముందున్న తెల్లజుట్టు వైపు చూస్తూనే ఉంది.

కొత్త ఇంట్లో పాలు పొంగించారు. వియ్యంకుడు సామాను దించుతూ, తనకేమీ తెలియదన్నట్టు రంగు బాగుందని గోడ తడిమాడు. వసుంధర ధైర్యం తెచ్చుకుని, అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి, పండగలకూ పబ్బాలకూ మీరు తప్పకుండా రావాలి అని పిలుపు పెట్టింది. ఏడాదికి ఎన్నిసార్లు రావచ్చో అందులోనే చెప్పింది. ఆయన పాయసం గ్లాసు కింద పెట్టి, తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"కారు ఇక్కడే ఉండనీ. పిల్లని ఆసుపత్రికి తిప్పాలి కదా."

ప్రణీత్ తెల్లబోయాడు. ఆ కారు స్టీరింగు తండ్రి ఒక్కసారి కూడా వాడికి ఇవ్వలేదు. వసుంధర మొహంలో మాత్రం ఊరట కనపడింది. పెద్దాయన కారు కూడా ఇచ్చేసి రైలెక్కుతున్నాడంటే గొడవ తెగిపోయినట్టే కదా. ఎంత మంచిమాట అన్నయ్యగారూ అంది.

"కానీ హీటరు కొత్తగా బాగుచేయించింది. దాన్ని చూస్తుండాలి. నీళ్ళు తగ్గాయా, గొట్టం కారుతోందా, ముల్లు ఎక్కడుంది. వీడికి బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు. నేనొచ్చి చూసుకుంటా."

ఎప్పుడెప్పుడు వస్తారు నాన్నా అని ప్రణీత్ అడిగాడు.

"రోజూ. పొద్దున పాసింజరుకి వస్తా, సాయంత్రం పోతా. పసిగుడ్డు ఎక్కే బండి. మీ అత్తగారే అన్నారు కదా, హీటరు లేకుండా గడప దాటించకూడదని."

వసుంధర పాయసం గరిట కింద పెట్టింది. తన మాటే. వెనక్కి తీసుకోవడానికి లేదు. అన్ని మర్యాదలూ వెతికి చివరికి ఒకటి పట్టుకుంది.

"రోజూ ఎందుకండి మీకు శ్రమ. ఈ చలి ఎన్నాళ్ళుంటుంది, శివరాత్రికి పోతుంది. ఆ తరువాత హీటరుతో పనే ఉండదు కదా."

"తరువాత ఎండలొస్తాయి చెల్లెమ్మగారూ. ఇంజను వేడెక్కుతుంది. అప్పుడు ఇంకా దగ్గరుండి చూడాలి."

లోపలి గదిలో పిల్ల ఏడుపు అందుకుంది. కీర్తన లేచింది. తల్లి వైపు ఒకసారి, మామగారి వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి పిల్లను ఎత్తుకొచ్చింది. కాసేపు పట్టుకోండి మావయ్యగారూ, పాలు కలుపుకొస్తా అంటూ ఆయన చేతిలో పెట్టింది. ఆయన మెడ కింద చెయ్యి సరిగ్గానే వేశాడు. వసుంధర చెప్పబోయి ఊరుకుంది.

పిల్ల ఆయన మొహం చూసి ఇంకా పెద్దగా ఏడ్చింది. ఆయన మూతి తిప్పలేదు. ఏడవనిచ్చాడు.